చాకవేలు నుంచి గాజుపెట్టె దాకా

చాకవేలులో బడి చదువు కన్నడం, ఇంటి మాట తెలుగు. బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఊళ్లు ఇంతే. కైవారం తాతయ్య అనే యోగి తెలుగులో తత్వాలు చెప్పింది ఈ సీమలోనే. 2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్లాపురం జిల్లా అయ్యాక కూడా ఆ మాట మారలేదు. దాంతోపాటు కొన్ని నమ్మకాలూ నిలిచిపోయాయి. వాటిలో ఒకటి తెలుగువాళ్లున్న చోటల్లా వినబడేదే: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు.

ఇది మన అవ్వలు పుట్టించిన మాట కాదులెండి. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లో ఎనిమిదో నెల బిడ్డ మీద ప్రత్యేకంగా ఒక రచనే ఉంది. అక్కడా తప్పే, ఇక్కడా తప్పే. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు లాభం. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు తక్కువ బిడ్డ అంటారు. 2020లో మన దేశంలో అలా పుట్టినవాళ్లు సుమారు 30 లక్షలు. ఇంకే దేశంలోనూ అంతమంది లేరు. నమ్మకం ఉత్త మాటగా ఉంటే పోనీ అనుకోవచ్చు. ‘ఎట్లాగూ దక్కని బిడ్డకు బెంగళూరు దాకా ఎందుకు’ అనే దాకా పోతేనే ప్రమాదం.

ఆ బెంగళూరు దారి ఎట్లా ఉంటుందంటే, నొప్పులొస్తే ముందు 108కి ఫోను. తాలూకా ఆసుపత్రిలో బిడ్డను వెచ్చగా ఉంచి కాస్త నిలబెట్టే ఏర్పాటు, జిల్లా ఆసుపత్రిలో ఎస్‌ఎన్‌సీయూ అనే నవజాత శిశు విభాగం. ఊపిరికి మిషను కావాలంటే చాలాసార్లు రాజధానికే పోవాలి. అక్కడ 1935 నాటి వాణీ విలాస్ ఆసుపత్రి ఉంది, ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ ఉంది. బాగేపల్లి నుంచి జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల దూరం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స, ప్రయాణం ఉచితం. నాయన పోగొట్టుకునే కూలి, బయట కాచుకున్నవాళ్ల తిండి, ఇంటి దగ్గర పాలు పిండాల్సిన ఆవు మాత్రం ఏ పథకంలోనూ లేవు.

కష్టమంతా డబ్బుది మాత్రమే కాదు. ఆపరేషనైన తల్లి తాలూకా ఆసుపత్రి మంచం మీద ఉండిపోతుంది. బిడ్డ మేనత్త ఒళ్లోనో అవ్వ ఒళ్లోనో అంబులెన్సులో వెళ్లిపోతుంది. బిడ్డ మొహం తల్లి మొదట చూసేది ఫోనులోనే.

నవజాత శిశు విభాగం లోపలి సంగతి ఈ జిల్లా రైతుకు వివరించడం తేలిక. పట్టుపురుగులు పెంచేవాళ్లకు చాకీ దశ తెలుసు. గుడ్లు పగిలి బయటపడ్డ పురుగులకు 28 డిగ్రీల వేడి, 85 శాతానికి పైగా తేమ, కాళ్లూ చేతులూ కడుక్కోనిదే లోపలికి రానివ్వని గది. కిలో బరువు బిడ్డకు పెట్టిన గాజుపెట్టె పనీ అదే. చర్మం కాగితమంత పలచన, ఒంట్లో కొవ్వు లేదు, సొంతంగా వేడి పుట్టించుకోలేదు. ముక్కుకు పెట్టిన సీపాప్ గొట్టం గాలి ఒత్తిడితో ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచుతుంది.

కానీ పురుగుల గదిలోకి పెంచేవాడు పోతాడు. ఇక్కడ చాలాకాలం తల్లిదండ్రులనే బయట నిలబెట్టారు. సూక్ష్మక్రిముల భయం నిజమే, అయితే చేతులు కడుక్కున్న తల్లి డ్యూటీ మారే నర్సు కన్నా పెద్ద ప్రమాదమేమీ కాదు. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి తల్లిదండ్రులకు నేర్పించి లోపలికి రానిచ్చింది. ఆ దారిలోనే 2017లో కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. గుడ్డ మార్చడం, పాలు పట్టడం, బిడ్డ నీలంగా మారితే గుర్తుపట్టడం అమ్మానాన్నలు నేర్చుకోవచ్చు. తలుపు దగ్గర ఎవరైనా ఆపితే ఈ సంగతి అడిగే హక్కు వాళ్లకుంది.

మొదటి పని పాలు. 34 వారాల లోపు బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం ఒకదానితో ఒకటి కుదరవు. తల్లి పాలు పిండి ఇస్తే ముందు సన్నని గొట్టంతో పోస్తారు, తర్వాత ఉగ్గుగిన్నెతో పడతారు. అవును, మన అటక మీద పడేసిన ఆ ముక్కు గిన్నే. దక్షిణాది పిల్లల వార్డుల్లో స్టీలు రూపంలో రోజూ పనిలో ఉంటుంది.

రెండోది ఎద. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డల్ని తల్లుల ఎదకు నేరుగా ఆనించి కట్టించాడు. అదే కంగారూ పద్ధతి. పేదవాళ్ల సర్దుబాటుగా చాలామంది చూశారు. 2021లో వెలువడిన పెద్ద పరిశోధన ఆ చులకనను తుడిచేసింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో 3,211 మంది బిడ్డల మీద చూశారు. బిడ్డ నిలకడ పడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఎదకు చేర్చినచోట నెలలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. లాభం అంత స్పష్టంగా కనబడి పరిశోధనను ముందే ఆపేశారు. రోజుకు 8 నుంచి 24 గంటలు ఇట్లా ఉంచమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. తల్లికి అలసటైతే నాయన చొక్కా విప్పాలి. మన మగవాళ్లకు సిగ్గు. ఒకసారి కూర్చుంటే పోతుంది.

చివరి గండం కళ్లది. ఆక్సిజన్ మీద బతికిన బిడ్డ కంటి వెనుక రక్తనాళాలు దారి తప్పి పెరగవచ్చు. బయటికి ఏమీ కనబడదు. నెల తిరిగేలోగా పరీక్ష జరగాలి, ముదిరితే లేజరుకు కూడా లొంగదు. మన ఇళ్లల్లోనేమో నెల బిడ్డను పొలిమేర దాటించరు. 2008లో బెంగళూరు నారాయణ నేత్రాలయంలో డాక్టర్ ఆనంద్ వినేకర్ ఈ చిక్కును తిరగేశారు. కిడ్రాప్ పేరుతో కెమెరానే జిల్లాలకు పంపారు. శిక్షణ పొందిన టెక్నీషియన్లు తీసిన కంటి ఫొటోలను డాక్టర్లు దూరం నుంచే చూసి చెబుతారు.

ఇంటికొచ్చాక పెత్తనం అవ్వది. నలుగు పెట్టి నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేస్తానంటుంది. ఆ పొగ ఈ ఊపిరితిత్తులకు పడదు, రెండు కిలోలు దాటేదాకా ఆ నీళ్లూ వద్దు. అవ్వకు కోడలు చెబితే ఎక్కదు, ఆశా కార్యకర్త చెప్పాలి. అవ్వ చేత కూడా కాసేపు బిడ్డను ఎదకు కట్టించుకోమంటే ఇంకా మంచిది. ఇక లెక్క విషయం. టీకాలు పుట్టిన తేదీని బట్టే వేయించాలి. బోర్లా పడటం, కూర్చోవడం, నడవడం మాత్రం కాన్పు కావలసిన తేదీ నుంచి రెండేళ్ల దాకా లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డ ఆరో నెలలో నాలుగు నెలల బిడ్డలా ఉంటే, పక్కింటి బిడ్డతో పోల్చి దిష్టి తీయాల్సిన పనిలేదు.