జీతం కోసం లోవెల్‌కు

అమెరికాలోని మసాచుసెట్స్‌లో మెర్రిమాక్ నది ఒడ్డున 1823లో ఓ బట్టల మిల్లు నడక మొదలుపెట్టింది. దాని చుట్టూ లోవెల్ పట్టణం పెరిగింది. తర్వాతి ఇరవై ఏళ్లలో న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మేన్ పల్లెల నుంచి వేలమంది పెళ్లికాని అమ్మాయిలు ఆ దారి పట్టారు.

తిండికి గడవకే వచ్చారా? అలా వచ్చినవాళ్లూ లేకపోలేదు. తండ్రి పోయాక తల్లి లోవెల్‌లో బోర్డింగు ఇల్లు నడుపుతుంటే, లూసీ లార్కమ్ పదకొండేళ్లకే మిల్లులో చేరింది. కానీ చరిత్రకారుడు థామస్ డబ్లిన్ మిల్లు రికార్డులను పల్లెల పన్ను లెక్కలతో సరిచూస్తే, చాలామంది ఓ మోస్తరు ఆస్తిపరులైన రైతుల కూతుళ్లేనని తేలింది.

అసలు కారణం నగదు. ఇంట్లో నూలు వడకడం, నేయడం కూతుళ్ల పనిగా ఉండేది. మిల్లు బట్ట చవగ్గా దొరకడంతో ఆ పనికి విలువ పోయింది. ఇళ్లలో పనికి కుదిరినా, బడిలో పాఠాలు చెప్పినా వచ్చేది అంతంతమాత్రం. మిల్లులో వారానికి మూడు డాలర్లకు కాస్త అటూ ఇటూగా ముట్టేది. బసకూ భోజనానికీ 1.25 డాలర్లు పోగా మిగిలినదాన్ని పెళ్లికి కొందరు, తమ్ముడి కాలేజీ చదువుకు కొందరు దాచేవారు. పెళ్లయ్యాక భార్య సంపాదన భర్తదేనని నాటి చట్టం. తన కష్టార్జితం తనదని ఓ ఆడపిల్ల అనుకోగలిగింది పెళ్లికి ముందున్న ఆ కొన్నేళ్లే. ఆ పిల్లలు వడికిన పత్తి మాత్రం అమెరికా దక్షిణాదిలో ఏ కూలీ లేకుండా బానిసలు పండించినదే. ఆ అన్యాయాన్ని పక్కనపెట్టి లోవెల్ కథ చెప్పకూడదు.

కూతుర్ని పంపే తల్లిదండ్రులకు భరోసాగా కంపెనీలు బోర్డింగు ఇళ్లు కట్టాయి. రాత్రి పదికి తలుపులు మూసేవారు. ఆదివారం చర్చికి వెళ్లి తీరాలి.

పని మాత్రం వారానికి సుమారు 73 గంటలు. దారం తెగకుండా గాలిలో తేమ నిలవాలని కిటికీలు మూసే ఉంచేవారు.

1834లో జీతాలు కోస్తే అమ్మాయిలు పని మానేసి వీధికెక్కారు. 1836లో భోజనం ఖర్చు పెంచితే మళ్లీ ఎక్కారు. అప్పుడు తన గదిలోని పనివాళ్లను వెంటబెట్టుకుని బయటికి నడిచిన హ్యారియట్ హాన్సన్‌కు పదకొండేళ్లు. బోర్డింగు ఇల్లు చూసుకునే ఆమె తల్లిని కంపెనీ పనిలోంచి తీసేసింది. 1845లో మిల్లు కార్మికురాలు సారా బాగ్లీ, ఆమె తోటివాళ్లు పది గంటల పనిదినం కోసం శాసనసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. కమిటీ ఒప్పుకోలేదు. మసాచుసెట్స్‌లో ఆడవాళ్లకు పది గంటల చట్టం 1874లో గానీ రాలేదు.