నాంపల్లి నీడలో వెలిగిన హెడ్‌లైట్లు

జనవరి నెల, మిట్టమధ్యాహ్నం. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు తమ్ముడి కొత్త కారు తీసుకుని, మా చిన్నాయనను పక్కన కూర్చోబెట్టుకుని నాంపల్లి రైల్వే స్టేషన్ దాటి గాంధీభవన్ వైపు వెళ్తున్నాను. నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజులు కావడంతో రోడ్డు కిటకిటలాడుతోంది. ఎండలోంచి మెట్రో వంతెన నీడలోకి వచ్చామో లేదో, కారు హెడ్‌లైట్లు వాటంతట అవే వెలిగాయి. నేను గమనించలేదు. జామకాయల బండి తోసుకుంటూ రోడ్డు దాటబోతున్న మనిషి ఠక్కున ఆగి, బండిని వెనక్కి లాక్కున్నాడు. ఆయన్ని దాటనిద్దామనే నేను బ్రేకు వేశాను. ఆయన కదలడు, నేను కదలను. వెనక హారన్లు మొదలయ్యాయి.

“లైటెందుకు కొట్టినవ్ బిడ్డా?” అన్నాడు చిన్నాయన.

“నేను కొట్టలేదు చిన్నాయనా, అదే వెలిగింది.”

“అదే వెలిగిందని ఆయనకేమెర్క? ఆగు, నేనొస్తున్న అన్నట్టే గద.”

చిన్నాయన అద్దం దించి చెయ్యి ఊపాడు. జామకాయల ఆయన నవ్వి, బండి తోసుకుంటూ దాటిపోయాడు.

చిన్నాయన అంబాసిడర్ నడిపిన తరం మనిషి. పాత అంబాసిడర్లలో డిప్పర్ బటన్ కింద, క్లచ్ పక్కన ఉండేది. ఎడమకాలితో నొక్కితే వెలుగు పైకి లేచేది, మళ్లీ నొక్కితే కిందికి దిగేది. లైటు ఎప్పుడు ఎలా వెలిగినా అది నడిపేవాడి పనే. న్యూజెర్సీలో ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నా, నా బండి లైట్లు ఎప్పుడు ఎందుకు వెలుగుతున్నాయో నేను పట్టించుకోలేదని ఆ మధ్యాహ్నం తెలిసొచ్చింది. మన తెలుగు ప్రవాసుల్లో చాలామంది సెలవుల్లో ఊరెళ్లి అక్కడి కార్లు నడుపుతారు. వారికి పనికొస్తుందని, ఆ తర్వాత తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

చలిదేశపు దీపం

కొత్త కార్ల ముఖాన కనుబొమల్లా తెల్లగా వెలిగే సన్నని లైట్లను డీఆర్ఎల్ అంటారు. పగటిపూట వెలిగే ఈ లైట్లు మనకు దారి చూపడానికి పెట్టినవి కావు. మన బండి వస్తోందని ఎదుటివారికి తెలియజేయడమే వాటి పని.

ఈ అలవాటు ఉత్తర ఐరోపాలో మొదలైంది. శీతకాలంలో ఊళ్ల బయటి రోడ్ల మీద పగలు కూడా లైట్లు వేసుకోవాలని ఫిన్లాండ్ 1972లో నియమం పెట్టింది. స్వీడన్ 1977లో ఏడాది పొడవునా తప్పనిసరి చేసింది. స్టాక్‌హోంలో డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికల్లా పొద్దు గూకుతుంది. ఉన్న కాస్త పగలూ సూర్యుడు నేలకు ఆనుకునే తిరుగుతాడు. ఆ మసక వెలుతురులో బూడిదరంగు కారు దగ్గరికి వచ్చేదాకా కంటికి ఆనదు. కెనడా 1989 డిసెంబరు నుంచి తయారైన కొత్త బండ్లన్నిటికీ పగటి లైట్లు ఉండాలంది. ఐరోపా సమాఖ్య 2011 ఫిబ్రవరి నుంచి కొత్త మోడల్ కార్లకు అదే నియమం తెచ్చింది. అమెరికా వీటిని అనుమతించింది గాని తప్పనిసరి చేయలేదు. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి ద్విచక్ర వాహనాలకు మాత్రం ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ముందు లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది.

హైదరాబాదులో డిసెంబరులో కూడా ఐదున్నర దాటాకే పొద్దు గూకుతుంది. అయినా చాలా కార్ల నమూనాలు అనేక దేశాలకు ఉమ్మడివి కాబట్టి, చలిదేశాల మసక కోసం పుట్టిన దీపం నాంపల్లి ఎండలోనూ వెలుగుతోంది.

నీడను కొలిచే కన్ను

డీఆర్ఎల్ వేరు, ఆటో హెడ్‌లైటు వేరు. స్విచ్చి ‘ఆటో’ మీద ఉంటే, ముందు అద్దం దగ్గరో డాష్‌బోర్డు మీదో ఉండే చిన్న సెన్సారు బయటి వెలుతురును కొలుస్తూ ఉంటుంది. వెలుతురు తగ్గితే హెడ్‌లైట్లూ వెనక ఎర్రలైట్లూ కలిపి వెలిగిస్తుంది. ఆలోచన పాతదే. అమెరికాలో కాడిలాక్ కార్లలో 1964 నుంచే ఇలాంటి ఏర్పాటు ఉంది.

ఎంత తగ్గితే వెలగాలి? ఐరోపా సహా అనేక దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 48వ నంబరు నిబంధనలో దీనికి లెక్క ఉంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. అది 1,000 లక్స్ కన్నా తగ్గితే 2 సెకన్లలోపు హెడ్‌లైట్లు వెలగాలి. 7,000 లక్స్ దాటితే ఆరాలి, అదీ 5 సెకన్లు గడిచాక, 300 సెకన్లలోపు. ఈ రెండు అంకెల మధ్య ఏం చేయాలన్నది తయారీదారు ఇష్టానికే వదిలేశారు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. రాత్రి మన హాల్లో ట్యూబులైటు వెలుగు వందల్లోనే ఉంటుంది.

ఇప్పుడు నాంపల్లి రోడ్డును తలుచుకోండి. అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్ల మీదుగా ఎల్బీనగర్ వెళ్లే మెట్రో 2018 సెప్టెంబరులో మొదలైంది. నేను చదువుకునే రోజుల్లో ఆ రోడ్డు మీద నేరుగా ఎండ పడేది. ఇప్పుడు నెత్తిన వంతెన, దాని కింద పొడవాటి నీడ, మధ్యమధ్య ఎండ చారలు. తయారీదారుల ఇష్టానికి వదిలిన ఆ మధ్య అంకెల వల్లే ఒకే నీడలో ఒక కారు లైట్లు వెలుగుతాయి, పక్క కారువి వెలగవు. వెలిగిన లైట్లు ఎండలోకి వచ్చాక కూడా కాసేపు ఆరవు. చెట్టునీడ తగిలినప్పుడల్లా మిణుకుమనకుండా ఉండటానికే ఆ జాప్యం పెట్టారు. తర్కం సరైనదే. దాన్ని నడిపేవాడికి ఎవరూ విడమరచి చెప్పకపోవడమే నా బాధ.

ఇంకో సంగతి. మన ఇళ్లలో కారు కొనగానే డాష్‌బోర్డు మీద వినాయకుడో వెంకన్నో కొలువుదీరతాడు. పక్కనే పూలదండ, తువ్వాలు, పార్కింగు చీటీలు చేరతాయి. సెన్సారు డాష్‌బోర్డు మీద ఉన్న కార్లలో ఇవి దాన్ని కప్పేస్తే కారుకు పట్టపగలే రాత్రి అవుతుంది. లైట్లు పిచ్చిగా వెలుగుతున్నాయని మెకానిక్ దగ్గరికి పరుగెత్తే ముందు విగ్రహాన్ని జానెడు పక్కకు జరిపి చూడండి.

దీనికి తలకిందులైన ఇబ్బంది వానలోనూ పొగమంచులోనూ వస్తుంది. సెన్సారుకు వెలుతురు ఎంతుందో తెలుస్తుంది, మన కంటికి ఎంత దూరం కనబడుతోందో తెలియదు. తెల్లటి పొగమంచు కమ్మిన ఉదయం వెలుతురుకు లోటుండదు కాబట్టి హెడ్‌లైట్లు వెలగకపోవచ్చు. ముందు డీఆర్ఎల్ మాత్రం వెలుగుతూ ఉంటుంది, చాలా కార్లలో వెనక భాగం చీకటిగానే ఉంటుంది. మన కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం రాత్రివేళే కాదు, చాలినంత వెలుతురు లేనప్పుడు ఎప్పుడైనా లైట్లు వేయాల్సిందే. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో వానకు వైపర్లు వేస్తే హెడ్‌లైట్లు కూడా వేయాలన్న చట్టం ఉంది. రెండు దేశాల చట్టాలూ ఈ బాధ్యతను నడిపేవాడి మీదే పెట్టాయి.

అబిడ్స్ వెలుగులో కనబడని చీకటి

ఆ వారంలోనే మరో పాఠం నేర్చుకున్నాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఒకప్పుడు దుకాణం పెట్టిన చోటు అబిడ్స్. ఆయన పేరే ఆ ప్రాంతానికి నిలిచిపోయింది. ఇప్పటికీ చీకటి పడ్డాక ఆ వీధి దుకాణాల వెలుగుతో పట్టపగల్లా ఉంటుంది. బట్టలు కొని, జీపీఓ పోస్టాఫీసు దగ్గర కారెక్కి బషీర్‌బాగ్ వైపు బయల్దేరాం. డాష్‌బోర్డు వెలుగుతోంది. ముందున్న కారు వెనకభాగం మీద నా లైట్ల తెల్లటి వెలుగు కనబడుతోంది. అంతా సరిగానే ఉందనుకున్నాను.

బషీర్‌బాగ్ సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద ఒక కుర్రాడు నా పక్కకొచ్చి అద్దం మీద తట్టాడు. “భయ్యా, పీఛే కా లైట్ బంద్ హై.” కారు కడిగినప్పుడో ఎప్పుడో స్విచ్చి ‘ఆటో’ నుంచి ‘ఆఫ్’కు తిరిగిపోయింది. వెలుగుతున్నది డీఆర్ఎల్ ఒక్కటే. వెనక ఒక్క ఎర్రలైటూ లేకుండా, ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని అంత దూరం వచ్చాను. ఆ కుర్రాడు చెప్పకపోతే ట్యాంక్‌బండ్ దాకా అలాగే వెళ్లేవాణ్ణి.

కెనడాలో ఇలాంటి కార్లను ‘ఫాంటమ్ వెహికిల్స్’ అంటారు, అంటే దయ్యపు బండ్లు. పాత కార్లలో హెడ్‌లైటు వేయకపోతే డాష్‌బోర్డు కూడా చీకటిగానే ఉండేది, అదే మనకు గుర్తు చేసేది. ఇప్పటి డిజిటల్ తెరలు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఆ గుర్తు పోయింది. కెనడా ప్రభుత్వం 2021 సెప్టెంబరు నుంచి కొత్త బండ్లకు మూడు దారులు చూపి, ఒకటి పాటించమంది: పగటి లైట్లతో పాటు వెనక లైట్లూ వెలగాలి, లేదా చీకటి పడితే అన్ని లైట్లూ వాటంతట అవే వెలగాలి, లేదా లైట్లు వేసేదాకా డాష్‌బోర్డు చీకటిగా ఉండాలి. పగటి లైట్లను తప్పనిసరి చేసిన దేశమే మూడు దశాబ్దాల తర్వాత ఆ లోపాన్ని సరిదిద్దుకుంది. మన దగ్గర అమ్మే ప్రతి కారుకూ ఇలాంటి నియమం ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. వెనక వచ్చేవాడికి మన కారు కనబడటం కొనేవాడి స్తోమతను బట్టి దొరికే సదుపాయం కాకూడదు.

లైటుకున్న భాష

ప్రవాసంలో ఉన్నవారు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. అమెరికాలో నాలుగు దారుల కూడలిలో ఎదుటివాడు లైటు కొడితే, చాలాసార్లు “మీరు వెళ్లండి” అని అర్థం. హైదరాబాదులో “నేనొస్తున్నాను, ఆగు” అని అర్థం. అమెరికా అలవాటుతో అక్కడ బండిని ముందుకు పోనిస్తే ప్రమాదం తప్పదు. లారీల వెనక ‘రాత్రి డిప్పర్ వాడండి’ అని రాసి ఉండటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఎదుటివారి కళ్లలో వెలుగు కొట్టకూడదనే మర్యాద అది. నా చిన్నప్పుడు హెడ్‌లైటు అద్దం పై సగానికి నల్లరంగు పూసుకునేది కూడా అందుకే.

ఇలాంటి చోట తనంతట తాను వెలిగే లైటు, నడిపేవాడు అనని మాటను అన్నట్టు చేస్తుంది. దారివ్వాలనుకున్న నేను జామకాయల ఆయన్ని గదిమినట్టయింది. వంతెన నీడలోనే కాదు, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు కారు ముక్కు లేచినా ఎదుటివారికి మనం లైటు కొట్టినట్టే కనబడుతుంది.

హై బీమ్‌ను తానే ఎత్తి దించే సదుపాయం ఉన్న కార్లలో మరింత జాగ్రత్త కావాలి. ఆ కెమెరా ప్రధానంగా ఎదుటి బండ్ల లైట్ల కోసమే వెతుకుతుంది. కాలినడకన వచ్చేవారినీ, లైటు లేని సైకిలునూ, పత్తి మూటలతో నింపిన ట్రాక్టరు ట్రాలీనీ అది గుర్తించకపోవచ్చు. మన జిల్లాల రోడ్ల మీద ఎక్కువగా ఎదురయ్యేది వాళ్లే.

లైటుకున్న ఆ భాషలో నాకు ఎంతో ఇష్టమైన మాట కూడా ఉంది. పగలు లైటు వేసుకుని పోతున్న బండి కనబడితే, మన ఊళ్లో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా చెయ్యెత్తి వేళ్లు మూస్తూ తెరుస్తూ సైగ చేస్తారు. 2017 తర్వాత వచ్చిన బైకులకు ఆర్పే స్విచ్చే లేదు, అయినా ఆ సైగ మానలేదు. బషీర్‌బాగ్ సిగ్నల్ దగ్గర నన్ను కాపాడింది ఆ మర్యాదే.

ఊరెళ్లేవారికి

అక్కడి కారు తాళాలు చేతికి రాగానే ఐదు నిమిషాలు లైట్ల కోసం కేటాయించండి. స్విచ్చి మీద ‘ఆఫ్’, పార్కింగు లైట్లు, హెడ్‌లైట్లు, ‘ఆటో’ ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. కొన్ని కార్లలో సెన్సారు ఎంత నీడకు వెలగాలో మార్చుకునే వీలు సెట్టింగుల్లో ఉంటుంది. వంతెన కింద ఊరికే వెలుగుతుంటే దాన్ని ఒక మెట్టు తగ్గించండి. సాయంత్రం బయల్దేరినా, వాన పడినా, మంచు కురిసినా ‘ఆటో’ను నమ్ముకోకుండా చేత్తో హెడ్‌లైట్లు వేయండి. చాలా కార్లలో డాష్‌బోర్డు మీద ఆకుపచ్చ లైటు గుర్తు కనబడితే లైట్లు వెలిగినట్టు. అక్కడ ఎడమవైపు నడుపుతాం కాబట్టి లో బీమ్ ఎడమ అంచుకేసి ఎక్కువ పడుతుంది. అమెరికాలో కుడివైపుకు పడే వెలుగుకు అలవాటుపడ్డ కళ్లకు అది కొత్తగా ఉంటుంది, మొదటి రాత్రి నిదానంగా వెళ్లండి.

అన్నిటికన్నా సులువైన పరీక్ష చిన్నాయన నేర్పాడు. తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి తమ్ముడి కారును ఇంటి ముందు ప్రహరీ గోడకు దగ్గరగా వెనక్కి పెట్టించాడు. “ఇప్పుడు అద్దంల చూడు” అన్నాడు. వెనక గోడ చీకటిగా ఉంది. స్విచ్చి తిప్పాను. సున్నం వేసిన గోడ ఎర్రబడింది. “అంబాసిడర్‌కు గూడ గిట్లనే చూస్తుంటి” అన్నాడు.

న్యూజెర్సీ ఎడిసన్‌లో మా గ్యారేజీ తలుపు తెల్లగా ఉంటుంది. ఇప్పుడు సాయంత్రం పూట బండిని బయటికి తీసే ముందు, అద్దంలో ఆ తలుపు ఎర్రబడిందో లేదో చూసుకున్నాకే కదులుతున్నాను.