ప్రయోగ నివేదికను వ్రాయు విధానము

భౌతికశాస్త్రమునకు కొలతయే ప్రాణము. కొలిచిన దానిని ఇతరులు నమ్మదగినట్లుగను, కావలసినచో వారును తిరిగి కొలిచి చూచుకొనదగినట్లుగను వ్రాసి ఉంచుటయే ప్రయోగ నివేదిక. మన పాఠశాలలలోను, కళాశాలలలోను దీనినే రికార్డు అందుము. కుడి పుటలో సిరాతో విషయమును, ఎడమ పుటలో పెన్సిలుతో పటమును, పట్టికను వ్రాయవలెనను పద్ధతి చాలమందికి తెలిసినదే. కాని రికార్డు అందముగా ఉండుట వేరు, సమగ్రముగా ఉండుట వేరు. దస్తూరి ముత్యములవలె ఉన్నను, అందలి అంకెలు నిజముగా కొలిచినవి కానిచో ఆ రికార్డునకు విలువ లేదు.

లఘులోలక ప్రయోగమునే తీసికొందము. గురుత్వ త్వరణము సెకను వర్గమునకు 9.8 మీటర్లనియో, 9.81 మీటర్లనియో రికార్డులలో తరచుగా కనిపించును. పుస్తకములోని విలువను ముందుగా చూచుకొని, దానికి సరిపడునట్లు కాలమును దిద్దుకొను విద్యార్థులు కలరు. పై తరగతివారి రికార్డును తెచ్చి ఎత్తి వ్రాయువారును కలరు. దీనివలన కలుగు నష్టమేమో ఒక గ్రామమును దృష్టియందుంచుకొని పరిశీలింతము.

న్యాల్‌కల్‌లో విలువ ఎంత?

జహీరాబాదుకును బీదరుకును నడుమనున్న న్యాల్‌కల్ సుమారు 17.8 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, సముద్రమట్టమునకు ఇంచుమించు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచేతను, ధ్రువముల వద్ద కొంచెము అణగియుండుటచేతను గురుత్వ త్వరణము అన్ని చోట్ల ఒకటిగా ఉండదు. సముద్రమట్టమున అది భూమధ్యరేఖ వద్ద 9.780, ధ్రువముల వద్ద 9.832. ఎత్తునకు పోయినకొలది అది తగ్గును. ఈ కారణములను లెక్కలోనికి తీసికొన్నచో న్యాల్‌కల్‌లో దాని విలువ సుమారు 9.78 అని తేలును. 1901లో అంతర్జాతీయ సభ అంగీకరించిన ప్రమాణ విలువ 9.80665; ఇది 45 డిగ్రీల అక్షాంశమునకు దగ్గరగా ఉండు విలువ. కావున న్యాల్‌కల్ విద్యార్థి శ్రద్ధగా కొలిచి 9.78 రాబట్టి, పుస్తకమునకు జంకి దానిని 9.81 చేసినచో, ఒప్పును చెరిపి తప్పును వ్రాసినవాడగును.

నివేదికలో ఉండవలసినవి

మొదట ఉద్దేశము. ఏ రాశిని, ఏ పద్ధతిచే కనుగొనుచున్నామో ఒక వాక్యములో చెప్పిన చాలును.

తరువాత సిద్ధాంతము. లోలకపు పొడవును 4π²చే హెచ్చించి, ఆవర్తన కాలపు వర్గముచే భాగించినచో గురుత్వ త్వరణము వచ్చును. ఈ సూత్రము ఎప్పుడు వర్తించునో కూడ వ్రాయవలెను. ఇది చిన్న డోలనములకు మాత్రమే సరిపడును. గుండును నిలువు గీతనుండి 10 డిగ్రీలు లాగి వదలినచో ఆవర్తన కాలము దాదాపు 0.2 శాతము పెరిగి, గురుత్వ త్వరణము 0.04 తక్కువగా కనిపించును. 9.78కిని 9.81కిని గల భేదమే 0.03 అని గమనించినచో ఈ చిన్న విషయము ఎంత ముఖ్యమో తెలియును. కోణము 5 డిగ్రీలకు మించనీయరాదు. ఎంత కోణము తీసికొన్నదియు నివేదికలో చెప్పవలెను.

పరికరముల పట్టికలో పేర్లు మాత్రమే చాలవు. స్కేలు ఎన్ని మిల్లీమీటర్ల వరకు, గడియారము సెకనులో ఎన్నవ వంతు వరకు చూపునో, అనగా వాటి కనీసపు కొలతలు, వ్రాయవలెను. వెర్నియరుకు శూన్యాంశ దోషమున్నచో దానిని పేర్కొనవలెను. ఇనుప గుండు దొరకనిచోట తూకపు రాయిని దారమునకు కట్టి ప్రయోగము చేయవచ్చును. కాని కట్టినది ఏదో, దాని మధ్యబిందువును ఎట్లు నిర్ణయించితిమో చెప్పవలెను.

పద్ధతిని "చేసితిని, కొలిచితిని" అని జరిగిన క్రమములో వ్రాయవలెను. పుస్తకములో "చేయుము, కొలువుము" అని ఉన్నదానిని అట్లే ఎత్తివ్రాయరాదు. పుస్తకము చేయవలసినదానిని చెప్పును. నివేదిక చేసినదానిని చెప్పును.

పరిశీలనలు ప్రయోగశాలలోనే, చూచిన వెంటనే, సిరాతో వ్రాయవలెను. ఒక కొలత తప్పని తోచినచో దానిని రబ్బరుతో తుడువక, చదువవీలగునట్లు ఒక అడ్డగీత గీచి, కారణమును పక్కన వ్రాయవలెను. ప్రతి నిలువు వరుసకు ప్రమాణము ఉండవలెను.

ఎంతవరకు నమ్మవచ్చును?

ఒక ఉదాహరణము. దారపు పొడవు 98.8 సెంటీమీటర్లు, గుండు వ్యాసార్ధము 1.2, లోలకపు పొడవు 100.0 సెంటీమీటర్లు. 20 డోలనములకు పట్టిన కాలము మూడుసార్లు 40.2, 40.1, 40.3 సెకన్లుగా వచ్చినదనుకొందము. సగటు 40.2, ఆవర్తన కాలము 2.010 సెకన్లు. దీనినిబట్టి గురుత్వ త్వరణము 9.77.

లెక్క ఇచ్చట ముగియదు. పొడవులో 1 మిల్లీమీటరు సందేహమున్నచో అది 0.1 శాతము. కాలములో 0.1 సెకను సందేహము 0.25 శాతము, సూత్రములో కాలపు వర్గము ఉండుటచే ఇది రెట్టింపై 0.5 శాతమగును. మొత్తము 0.6 శాతము, అనగా 0.06. కాబట్టి ఫలితమును 9.77 ± 0.06 అని వ్రాయవలెను. ఈ హద్దులలో 9.78 ఉన్నది, 9.81 కూడ ఉన్నది. ఈ ప్రయోగము ఆ రెండింటిని వేరుపరచజాలదని ఒప్పుకొనుటయే ఇచ్చట సరియైన నిర్ణయము.

వేరుపరచవలెనన్న కోరిక కలిగినచో 100 డోలనములు లెక్కింపవలెను. 200.9 సెకన్లు పట్టినచో విలువ 9.78 వచ్చును. ఇప్పుడు అదే 0.1 సెకను సందేహము 0.05 శాతమే, రెట్టించి, పొడవులోని సందేహమును కలిపినను మొత్తము 0.2 శాతము. ఫలితము 9.78 ± 0.02. ఈసారి 9.81 హద్దులకు వెలుపల పడినది. ఖరీదైన పరికరమేదియు లేకుండ, ఓపికతో సాధించిన ఫలమిది.

గ్రాఫు కూడ అలంకారము కొరకు కాదు. పొడవును అడ్డముగను, కాలపు వర్గమును నిలువుగను తీసికొన్నచో సరళరేఖ వచ్చును. గుండు వ్యాసార్ధమును కలుపుట మరచినచో ఆ రేఖ మూలబిందువు గుండా పోక, పొడవు అక్షమును సున్నకు 1.2 సెంటీమీటర్లు ఎడమగా తాకును. వాలు మాత్రము మారదు. దానినుండి గురుత్వ త్వరణము సరిగానే వచ్చును. రేఖను బలవంతముగా మూలబిందువు గుండా గీచినవానికి తన పొరపాటును తెలిసికొను మార్గము మూసికొనిపోవును.

ఈ ప్రాంతమున జరిగిన ఒక మహాప్రయోగము

ఉన్నదున్నట్లు వ్రాసిన అంకెలు ఎంత మేలు చేయునో తెలుపు నిదర్శనము న్యాల్‌కల్ పరిసరములలోనే కలదు. భారతదేశపు త్రికోణమితీయ సర్వేలో భాగముగా 1815లో బీదరు వద్ద ఒక ఆధార రేఖను కొలిచిరి. నారాయణఖేడ్ ప్రాంతమునందలి దామరగిద్ద ఆ సర్వేలో ఒక ముఖ్య కేంద్రము. జార్జి ఎవరెస్టు అచ్చటినుండి మధ్యభారతములోని కల్యాణపురము వరకును, అటనుండి హిమాలయములకు చేరువనున్న కలియానా వరకును రేఖాంశ చాపమును కొలిపించి, ఆ వివరములను 1847లో ప్రచురించెను. కల్యాణపురమునకును కలియానాకును గల అక్షాంశ భేదమును నేలపై కొలిచి లెక్కించినప్పుడు ఒకటి, నక్షత్రములను చూచి నిర్ణయించినప్పుడు మరొకటి వచ్చెను. తేడా 5.236 సెకన్ల కోణము. నేలపై ఇంచుమించు 160 మీటర్లు. దాదాపు 600 కిలోమీటర్ల దూరములో ఇది అల్పమే. ఎవరెస్టు దానిని కొలతలలోని దోషముగానే భావించెను. అయినను అంకెలు గ్రంథములో నిలిచినవి.

1855లో ప్రాట్ ఆ అంకెలను తీసికొని, హిమాలయముల ఆకర్షణచే సీసపు గుండు దారము పక్కకు ఒరిగియుండునని లెక్క కట్టెను. లెక్క ప్రకారము తేడా 15.885 సెకన్లు ఉండవలెను. కనిపించినది అందులో మూడవ వంతే. పర్వతముల అడుగున తేలికయైన పదార్థము లోతుగా వ్యాపించియుండుటయే ఇందుకు కారణమని ఎయిరీ అదే సంవత్సరమున సూచించెను. భూపటలము సమతుల్యముగా తేలుచున్నదను నేటి భావమునకు పునాది ఇట్లు పడినది. 1865 నుండి కెప్టెన్ బాసెవి లోలకములతో దేశమున పలుచోట్ల గురుత్వమును పరిశీలించెను. దామరగిద్ద ఆ చోట్లలో ఒకటి. ఆయన ఉష్ణోగ్రత, వాయుపీడనము, డోలన పరిమితి, ఎత్తు మున్నగువానికన్నిటికి సవరణలు చేయవలసివచ్చెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఫలితము పుస్తకముతో సరిపోయినదా అని కాక, ఆ ఫలితము విద్యార్థి వ్రాసిన కొలతలనుండి వచ్చుచున్నదా అని చూచి మార్కులు వేయవలెను. 9.6 తెచ్చి, తేడాకు కారణము వెదకిన విద్యార్థికి, కారణము తెలియని 9.81 తెచ్చినవానికంటె ఎక్కువ మార్కులు రావలెను. అట్లు జరిగినప్పుడు విద్యార్థులకు అంకెలు దిద్దవలసిన అవసరమే ఉండదు. న్యాల్‌కల్ పిల్లలు తమ ఊరి గురుత్వ త్వరణమును తామే కొలిచి, తేదీతోను, హద్దులతోను వ్రాసి ఉంచినచో, తరువాతి తరగతివారు దానిని ఎత్తివ్రాయుటకు కాక, సరిచూచుటకు తెరతురు.