పేపరులో మన ఊరి పేరు

ఒక ఊరు. ఊరి నడుమ టీ కొట్టు. పొద్దున్నే పేపరు అక్కడికే వస్తుంది. మగవాళ్లు చదివి అవతల పడేశాక, సాయంత్రం అది పొదుపు సంఘం ఆడవాళ్ల చేతికి వస్తుంది. వాళ్లలో ఒకామె ఈమధ్యే చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదువుతుంది. పేపరులో ఆమె ముందుగా వెతికేది తమ ఊరి పేరు.

ఆ ఊళ్లో మంచినీళ్ల కుళాయి చెడిపోయి పన్నెండు రోజులైంది. చేలో బోరు దగ్గరనుంచి బిందెలు మోసి మోసి ఆడవాళ్ల నడుములు పడిపోతున్నాయి. ఆమె జిల్లా పేజీ అంతా వెతికింది. కుళాయి సంగతి లేదు. సగం పేజీ నిండా ఒక నాయకుడి ఫోటో మాత్రం ఉంది. చేతులు జోడించి నవ్వుతున్నాడు. పక్కన "జన్మదిన శుభాకాంక్షలు" అని పెద్ద అక్షరాలు. చుట్టూ చిన్న చిన్న ఫోటోల్లో ఇంకో ఇరవై మంది.

"మన నీళ్లకంటె ఈయన పుట్టినరోజు పెద్దదా?" అని ఆమె పేపరు వేసే కుర్రాణ్ని అడిగింది.

"అది వార్త కాదు పెద్దమ్మా. డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన" అన్నాడు వాడు.

మరి కుళాయి వార్త వేయడానికి ఎవరు డబ్బు కడతారు? పేపరు నడవాలంటే అసలు ఎంత ఖర్చవుతుంది?

ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగు ఊళ్లవాళ్లు కలిసి నెలకొక చిన్న పేపరు తేవాలనుకున్నారు అనుకోండి. వెయ్యి కాపీలు. కాగితానికి, అచ్చుకు 6,000 రూపాయలు. వార్తలు తెచ్చి రాసే ఇద్దరికి తలా 4,000 చొప్పున 8,000. బస్సు చార్జీలకు, ఫోనుకు 2,000. మొత్తం 16,000 రూపాయలు. అంటే ఒక్కో కాపీకి 16 రూపాయలు పడింది. కాపీ ధర 5 రూపాయలు పెట్టారు. అమ్మే కుర్రాడికి అందులో ఒక రూపాయి పోగా నాలుగు మిగులుతుంది. వెయ్యి కాపీలూ అమ్ముడైతే 4,000 వస్తుంది. ఇంకా 12,000 తక్కువ!

ఈ అంకెలు తేలిగ్గా అర్థం కావడానికి వేసుకున్నవి. పెద్ద పేపర్ల లెక్కలు లక్షల్లో, కోట్లలో ఉంటాయి. కాని తీరు మాత్రం ఇదే. మనం ఇచ్చే ధరతో పేపరు ఖర్చు తీరదు. ఆ తక్కువ పడింది ఎవరు భరిస్తే వాళ్ల మాటకు పేపరులో బలం ఉంటుంది.

ఎక్కువగా భరించేది ప్రకటనలు ఇచ్చేవాళ్లు. బట్టల దుకాణాలు, ఆస్పత్రులు, కాలేజీలు, నాయకులు. సర్కారు కూడా పెద్ద ఎత్తున ప్రకటనలు ఇస్తుంది. ప్రకటన తీసుకోవడం తప్పేమీ కాదు. ఆ డబ్బు లేకపోతే పేపరే ఉండదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, మండలంలో.

మండలాల్లో వార్తలు రాసేవాళ్లలో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్త పొడవు కొలిచి ఇంత అని ఇస్తారు. దాన్ని 'లైన్ అకౌంటు' అంటారు. ఆ డబ్బు పెట్రోలుకు కూడా చాలదు. అందుకని ప్రకటనలు తెచ్చిపెడితే కమిషను ఇస్తామంటారు. ఇప్పుడు చూడండి. ఒక కొట్టువాడు కల్తీ విత్తనాలు అమ్మాడు. పత్తి మొలకెత్తలేదు. రైతులు ఏడుస్తున్నారు. ఆ వార్త రాయాల్సిన విలేకరి, పండగ ప్రకటన కోసం పోయిన వారమే ఆ కొట్టు మెట్లెక్కాడు. ఏం రాస్తాడు? రాసేవాళ్లు ఉన్నారు, లేకపోలేదు. కాని అలా రాసిన ఇంట్లో ఆ నెల బియ్యానికి కటకటే. విలేకర్లను ఊరికే తిట్టేవాళ్లు ఈ సంగతి కూడా తలుచుకోవాలి.

ఇంకో రోగం కూడా ఉంది. ప్రకటననే వార్తలాగా వేయడం. 2009 ఎన్నికలప్పుడు అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వాళ్లను పొగుడుతూ వార్తలు వేశారని గొడవైంది. మన రాష్ట్రంలో విలేకర్ల సంఘమే దాన్ని బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో కమిటీ వేసింది. 2010లో నివేదిక వచ్చింది. ఇలాంటివాటిని 'పెయిడ్ న్యూస్' అంటారు. వార్త అంతా పొగడ్తే అయితే, ఒక్క ప్రశ్న కూడా లేకపోతే, కాస్త అనుమానపడి చదవడం మంచిది.

అలాగని పేపర్లు వద్దనుకోగలమా? పూర్వం పల్లెల వార్తలు పేపర్లో రావడమే గగనం. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా జిల్లాకూ విడిగా చిన్న పేపరు కలిపి ఇవ్వసాగింది. మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. మన ఊరి పేరు కనిపిస్తే మనం కొంటాం, మన బజారు కొట్టువాళ్లు ప్రకటనలిస్తారు. వ్యాపారమే, కాని దానివల్ల పల్లె గొంతు బయటికి వినిపించింది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది తెలిసిందే. రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ వార్త పేపర్లలో పడింది. ఈనాడు రోజూ రాసింది. పక్క ఊళ్లలో ఆడవాళ్లు చదివారు, చదివించుకుని విన్నారు. "వాళ్లు చేయగా లేంది మనం చేయలేమా" అని కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. వార్త ఒక ఊరినుంచి ఇంకో ఊరికి నడవకపోతే ఆ ఉద్యమం అంత దూరం పోయేదా?

ఆడవాళ్లే పేపరు పెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో బుందేల్‌ఖండ్ అని ఒక ప్రాంతం. కరువు నేల. అక్కడ బాందా జిల్లాలో మహిళా సమాఖ్య చదువు నేర్పింది. చదువు వచ్చాక చదవడానికి ఏముంది? ఏమీ లేదు. అందుకని ఆడవాళ్లే 1993లో 'మహిళా డాకియా' అనే పత్రిక తెచ్చారు. డాకియా అంటే పోస్టుమాను. అది కొన్నేళ్లకు ఆగిపోయింది. 2002 మే నెలలో చిత్రకూట్‌లో 'ఖబర్ లహరియా' మొదలైంది. అంటే వార్తల అలలు. నిరంతర్ అనే సంస్థ అండగా నిలిచింది. రాసేవాళ్లు దళిత, ఆదివాసి, ముస్లిం ఆడవాళ్లు. వాళ్లలో ఒకరైన కవితకు చిన్నతనంలోనే పెళ్లయింది. ఆ తర్వాత చదువుకుని పత్రిక నడిపే స్థాయికి వచ్చింది.

వాళ్లు తమ ఇళ్లలో మాట్లాడే బుందేలీలోనే రాశారు. పత్రిక ధర 2 రూపాయలు. రాసినవాళ్లే సంచిలో వేసుకుని బస్సుల్లో, సంతల్లో, ఊరూరా తిరిగి అమ్మారు. ఆఫీసుల్లో కాగితాలు అడిగితే "నీకెందుకు" అన్నారు. ఆడమనిషి విలేకరి ఏమిటని నవ్వారు. అయినా రోడ్లు, రేషను, ఉపాధి కూలి, ఆడవాళ్లమీద దౌర్జన్యాలు, అన్నీ రాశారు. 2004లో చమేలీ దేవి జైన్ అవార్డు వచ్చింది. 2009లో యునెస్కో అక్షరాస్యత బహుమతి వచ్చింది.

బహుమతులు వచ్చాయి సరే, బియ్యం ఎలా? అక్కడా అదే లెక్క. రెండు రూపాయలతో ఖర్చు తీరదు. బీదవాళ్లు చదివే పేపరుకు పెద్ద కంపెనీలు ప్రకటనలు ఇవ్వవు. కాబట్టి జీతాలకు, అచ్చుకు సాయం చేసే సంస్థల మీద ఆధారపడ్డారు. అందులోనూ ఇబ్బంది ఉంది. సాయం మూడేళ్లకో అయిదేళ్లకో ముగుస్తుంది. మళ్లీ వెతుక్కోవాలి. కొన్నేళ్లకు అచ్చు ఆపేసి, ఫోన్లతో వీడియోలు తీసి వార్తలు ఇవ్వడం మొదలుపెట్టారు. కాగితం ఖర్చు తగ్గింది. కాని వార్తకోసం ఎండలో తిరిగే మనిషికి కూలి ఇవ్వాల్సిందే కదా. అది ఫోను తీర్చదు.

మన దగ్గర కూడా 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు 'నవోదయం' అనే పత్రిక నడిపారు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008లో 'సంఘం రేడియో' మొదలైంది. దాన్ని నడిపింది ఇద్దరు దళిత ఆడవాళ్లు. ఇద్దరి పేరూ నర్సమ్మే. విత్తనాలు, పండగలు, పాటలు, మందుమాకులు, అన్నీ వాళ్ల మాటల్లోనే. ఇలాంటి రేడియోలు రాజకీయ వార్తలు సొంతంగా చెప్పకూడదని సర్కారు నియమం. నీళ్లు, కరెంటు, వాన కబుర్లు చెప్పొచ్చు. గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చని 2024లో సర్కారు చెప్పింది. అంతకు ముందు 7 నిమిషాలే.

2020లో కరోనా వచ్చినప్పుడు దుకాణాలు మూతపడ్డాయి. ప్రకటనలు ఆగిపోయాయి. పేపర్లు పేజీలు తగ్గించాయి. ఎంతోమంది విలేకర్ల పని పోయింది. ఇప్పుడు చాలా ఊళ్లలో వార్తలు ఫోనులో వస్తున్నాయి. ఎవరు పంపారో తెలియదు, నిజమో అబద్ధమో తెలియదు. పేపరుకైతే కింద అచ్చువేసినవాళ్ల పేరు, సంపాదకుడి పేరు ఉంటాయి. తప్పు రాస్తే పోయి అడగొచ్చు.

ఇంతకీ ఆ కుళాయి సంగతి. పేపరు కుర్రాడు ఇంకో మాట కూడా చెప్పాడు. "విలేకరి ఒక్కడే, ఊళ్లు ఇరవై రెండు. మీరు చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది?"

ఆ రాత్రి సంఘం మీటింగులో ఒక కాగితం తీశారు. "మా ఊళ్లో నీళ్లు లేవు, దయచేసి రాయండి" అని మొదట రాశారు. చదువుకుని చూస్తే అందులో ఏమీ లేదనిపించింది. కొట్టేసి మళ్లీ రాశారు. ఏ వీధి కుళాయి, ఏ తేదీనుంచి రావడం లేదు, ఎన్ని ఇళ్లు, బోరు ఎంత దూరం, పంచాయతీలో ఎవరికి ఏ రోజు చెప్పారు, వాళ్లేమన్నారు. కింద పదకొండు మంది సంతకాలు పెట్టారు. ఇద్దరు మాత్రం వేలిముద్ర వేస్తే, వాళ్లను కూచోబెట్టి పేరు రాయించారు. అందుకే కాస్త ఆలస్యమైంది. ఇక మీద నెలకు ఇంత అని సంఘం డబ్బుతోనే పేపరు వేయించుకోవాలని కూడా అనుకున్నారు. టీ కొట్టువాడు పడేసేదాకా ఆగక్కరలేదని.

నాలుగో రోజు వార్త పడింది. జిల్లా పేజీలో, అడుగున, ఆరు లైన్లు. ఊరి పేరులో ఒక వత్తు తప్పు పడింది. ఆమె పెన్ను తీసి, పేపరు మీదే దిద్దింది.