కాలువ పెద్దదే, తూము చిన్నది

స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దున జెనీవా వద్ద సెర్న్ పరిశోధన సంస్థ భూగర్భంలో 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల కణత్వరణ యంత్రాన్ని నిర్మించింది. 2008లో ప్రారంభమైన ఆ యంత్రం వెలువరించే దత్తాంశాన్ని విశ్లేషించడం ఏ ఒక్క కంప్యూటర్ కేంద్రానికీ శక్యం కాదు. అందుచేత 40కి పైగా దేశాలలోని సుమారు 170 కేంద్రాలను ఒకే వ్యవస్థగా అనుసంధానించారు. దీనినే గ్రిడ్ అంటారు. మన దేశం నుండి ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం ఇందులో పాలుపంచుకుంటున్నాయి.

ఇటువంటి వ్యవస్థలో లెక్కలు కట్టడం ఒక ఎత్తు, దత్తాంశాన్ని సకాలంలో చేర్చడం మరొక ఎత్తు. ఫైలు అందకపోతే ప్రాసెసర్లు పనిలేక నిరీక్షిస్తాయి. విద్యుత్తు ఖర్చు మాత్రం ఆగదు. పరిశోధకుని ఫలితం వెనుకబడుతుంది.

మరి లైను సామర్థ్యం పెంచితే సరిపోతుందా? సరిపోదు. టీసీపీ పద్ధతిలో, పంపే యంత్రం కొంత దత్తాంశాన్ని పంపి, అందినట్లు జవాబు వచ్చే వరకు ఆగుతుంది. ఆ పరిమితి 64 కిలోబైట్లు, రాకపోకల వ్యవధి 150 మిల్లీసెకన్లు అయితే, లైను 10 గిగాబిట్లదైనా సెకనుకు సుమారు 440 కిలోబైట్లకు మించి సాగదు. ఆ లైను నిండుగా పారాలంటే దాదాపు 187 మెగాబైట్లు ఎల్లవేళలా మార్గమధ్యంలో ఉండాలి. కాలువ ఎంత పెద్దదైనా తూము చిన్నదైతే చివరి మడికి నీరందదు గదా!

దీనికి నివారణోపాయాలు లేకపోలేదు. బఫరు పరిమాణం పెంచడం, ఒకే ఫైలును పలు సమాంతర ధారలుగా పంపడం మొదటిది. చిన్న ఫైళ్లను మూటగట్టి పంపడం రెండవది. ఫైలు ఫైలుకూ అనుమతి, ఆరంభం, ముగింపు అనే తతంగం తప్పుతుంది. దత్తాంశం ఉన్నచోటికే పనిని పంపడం, తరచుగా వాడే ఫైళ్ల నకళ్లను చేరువలో దాచుకోవడం మూడవది. అయితే ధారలు మితిమీరితే డిస్కులే కుంగిపోతాయి. అందుకే ఏకకాలంలో ఎన్ని బదిలీలు సాగాలో నియంత్రించే సాఫ్ట్‌వేరును సెర్న్ రూపొందించింది. చేరిన ఫైలు చెడిపోలేదని సరిచూడటమూ తప్పనిసరి.

2012 జూలై 4న ప్రకటించిన హిగ్స్ కణ ఆవిష్కరణ వెనుక ఈ గ్రిడ్ శ్రమ ఉంది. డిస్కు, సర్వరు, లైను ఈ మూడింటిలో అతి నెమ్మదైనదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. కనుక కొత్త యంత్రాలు కొనేముందు అడ్డంకి ఎక్కడున్నదో కొలిచి తెలుసుకోవడమే వివేకం.