రాత్రి 3 దాటినా నిద్ర పట్టట్లేదా? లాక్‌డౌన్‌లో స్టూడెంట్స్ నిద్ర ఎందుకు చెడింది.. తప్పు ఒక్క ఫోన్‌దేనా?

రాత్రి రెండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. బీటెక్ చదివే కొడుకు గదిలో మాత్రం ఫోన్ వెలుగు. లైట్ ఆర్పేసి గంటన్నర అయింది, నిద్ర మాత్రం రాదు. నాలుగింటికి ఎప్పుడో కన్ను మూతపడుతుంది. తొమ్మిదిన్నరకి ఆన్‌లైన్ క్లాస్. పక్క మీద నుంచే జాయిన్ అవుతాడు, కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్, మళ్లీ నిద్ర. అటెండెన్స్ పడిపోతుంది. పన్నెండుకి లేచి బయటికొస్తే వంటింట్లోంచి ఒకటే మాట.. "కుంభకర్ణుడికి చుట్టానివా రా నువ్వు?"

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. 2021లో తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, ఏపీలో మే 5 నుంచి కర్ఫ్యూ నడిచాయి. కాలేజీల సంగతి చూస్తే ఈ బాధ అంతకంటే చాలా పాతది. 2020 మార్చిలో మూతపడిన క్లాసులు తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి. రెండు నెలలు కూడా నిండకుండానే మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. అంటే డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలు దాదాపు ఏడాదికి పైగా ఇంట్లోనే ఉన్నారు. టైమ్‌కి లేవాల్సిన పని లేదు. బస్సు లేదు, మెస్ లేదు, ఫస్ట్ అవర్ లేదు. అసలు సమస్య మొదలైంది ఇక్కడే.

ఎక్కువే పడుకుంటున్నారు.. కానీ!

వినడానికి వింతగా ఉంటుంది గానీ, లాక్‌డౌన్‌లో చాలామంది స్టూడెంట్స్ నిద్రపోయిన గంటలు తగ్గలేదు, పెరిగాయి. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు 139 మంది స్టూడెంట్స్ నిద్రను లాక్‌డౌన్‌కి ముందు, తర్వాత పోల్చి చూశారు. 2020లో కరెంట్ బయాలజీ జర్నల్‌లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, క్లాసులున్న రోజుల్లో రోజుకు సుమారు 30 నిమిషాలు, వీకెండ్‌లో 24 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. అదే సమయంలో క్లాసులున్న రోజుల్లో పడుకునే, లేచే టైమ్ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరిగింది.

ఇటలీలో పరిస్థితి ఇంకోలా ఉంది. మిలాన్‌లోని శాన్ రఫాయెలె యూనివర్సిటీలో 307 మంది స్టూడెంట్స్‌ని, 93 మంది ఆఫీసు స్టాఫ్‌ని లాక్‌డౌన్ టైమ్‌లోనే సర్వే చేశారు. ఇద్దరికీ నిద్ర నాణ్యత పడిపోయింది. కానీ ఆలస్యంగా పడుకోవడం, నిద్ర పట్టకపోవడం స్టూడెంట్స్‌లోనే ఎక్కువ కనిపించాయి. ఆఫీసు వాళ్లకు ఇంటి నుంచే అయినా పొద్దున్నే పని ఉంటుంది. స్టూడెంట్‌కి ఉన్నది మ్యూట్ చేసుకోగలిగే క్లాస్.

కాబట్టి "పది గంటలు పడుకున్నావ్, ఇంకా నీరసం ఏంటి?" అని ఇంట్లో అడిగితే దానికి సమాధానం ఉంది. ఎన్ని గంటలు పడుకున్నామన్నది ఒక్కటే లెక్క కాదు. ఏ టైమ్‌లో, ఎలాంటి నిద్ర అన్నది కూడా లెక్కే.

ఒంట్లో ఉన్న గడియారం

మెదడులో, కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకి సరిగ్గా పైన, సుమారు 20 వేల కణాలున్న చిన్న ముద్ద ఉంటుంది. శరీరానికి అదే గడియారం. ఎప్పుడు ఆకలేయాలి, ఎప్పుడు ఒళ్లు చల్లబడాలి, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ ఎప్పుడు విడుదలవ్వాలి.. అన్నిటికీ టైమ్ పెట్టేది అదే. కణాల లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది.

అయితే ఈ గడియారంలో చిన్న తిరకాసు ఉంది. సగటు మనిషిలో అది సరిగ్గా 24 గంటలకు తిరగదు, కొద్ది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. అందుకే రోజూ దాన్ని ముందుకు సర్దాలి. ఆ పని చేసేది పొద్దుటి వెలుతురు. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ పని తెలియకుండానే జరిగిపోయేది. బాత్రూమ్ దగ్గర క్యూ, తొమ్మిదికల్లా అయిపోయే మెస్ టిఫిన్, కాలేజీ బస్సు కోసం రోడ్డు మీద పావుగంట. ఇష్టం లేకపోయినా కంట్లో ఎండ పడేది. ఇప్పుడు మధ్యాహ్నం వరకు కర్టెన్లు వేసిన గదిలో ఉంటే ఆ సర్దుబాటు జరగదు. రోజుకి పది, పదిహేను నిమిషాలు జరిగినా నెల తిరిగేసరికి ఐదు నుంచి ఏడున్నర గంటలు తేలిపోతుంది.

దీనికి వయసు కూడా తోడవుతుంది. టీనేజ్ మొదలైన దగ్గర్నుంచి ఒంట్లో గడియారం ఆలస్యమవుతూ వచ్చి, ఇరవై ఏళ్ల వయసులో బాగా ఆలస్యంగా నడుస్తుంది. ఆ తర్వాత మెల్లగా వెనక్కి వస్తుంది. జర్మనీకి చెందిన టిల్ రోనెబర్గ్ బృందం వేలమందిని పరిశీలించి 2004లో చెప్పిన విషయం ఇది. ఇంట్లో నాన్న పదింటికే ఆవులిస్తుంటే కొడుకు చురుగ్గా ఉండటంలో పొగరేం లేదు, శరీరమే అలా ఉంటుంది.

మరి ఫోన్ సంగతేంటి?

ఫోన్‌కి పాత్ర లేదని కాదు. నిద్రకు ముందు నాలుగు గంటల పాటు వెలుగున్న ట్యాబ్‌లో పుస్తకం చదివినవాళ్లని, మామూలు అచ్చు పుస్తకం చదివినవాళ్లతో హార్వర్డ్ పరిశోధకులు పోల్చారు. ట్యాబ్ చదివిన రోజుల్లో నిద్ర పట్టడానికి దాదాపు పది నిమిషాలు ఎక్కువ పట్టింది, మెలటోనిన్ విడుదల గంటన్నర వెనక్కి జరిగింది. చిన్న విషయం కాదు. కానీ స్వీడన్‌లో జరిగిన ఇంకో పరీక్షలో, పగలంతా మంచి వెలుతురులో గడిపినవాళ్ల మీద రాత్రి ట్యాబ్ ప్రభావం కనిపించలేదు. ఈ రెండూ చిన్న గుంపుల మీద చేసిన పరీక్షలే, అది గుర్తుంచుకోవాలి. అయినా రెండూ పక్కపక్కన పెడితే ఒకటి అర్థమవుతుంది. రాత్రి చూసిన స్క్రీన్ ఎంత చేటు చేస్తుందో, పగలు చూడని వెలుతురు కూడా అంతే చేటు చేస్తుంది. మన దగ్గర తిట్లన్నీ మొదటిదానికే పడుతున్నాయి.

వెలుగు సంగతి పక్కన పెడితే, అర్ధరాత్రి ఫోన్ పట్టుకోవడానికి మన పిల్లలకున్న కారణాలు వేరే. రోజుకి 1.5 జీబీ ప్యాక్. రెండు క్లాసులు, ఒక ల్యాబ్ వీడియో అయ్యేసరికి డేటా ఖతం. మళ్లీ వచ్చేది రాత్రి పన్నెండుకే. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో అయితే అందరూ పడుకున్నాకే నెట్ కాస్త కదులుతుంది. రికార్డెడ్ లెక్చర్ డౌన్‌లోడ్ అయ్యేది అప్పుడే, అసైన్‌మెంట్ అప్‌లోడ్ అయ్యేది అప్పుడే. రెండు గదుల ఇంట్లో నలుగురైదుగురు ఉంటే, పగలు టీవీ ఒక పక్క, చుట్టాల ఫోన్లు ఒక పక్క. ప్రశాంతంగా ఉండేది ఆ టైమ్ ఒక్కటే. ఫ్రెండ్స్‌తో మనసువిప్పి మాట్లాడటానికైనా అదే టైమ్.

ఇక 2021 సెకండ్ వేవ్‌లో రాత్రుళ్లు మరీ భారమయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో స్టూడెంట్ వాట్సాప్ గ్రూపుల్లో సగం మెసేజ్‌లు ఆక్సిజన్ బెడ్ల కోసం, ప్లాస్మా కోసం. తెల్లారి లేచి చూస్తే ఎవరి నాన్నో, ఏ లెక్చరరో లేరన్న స్టేటస్. అలాంటప్పుడు ఫోన్ పక్కన పెట్టమని చెప్పడం తేలిక, పెట్టడం కష్టం. భయంలో ఉన్న మెదడు కాపలా కాస్తుంది, నిద్రపోదు. ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వచ్చి, రాత్రంతా ఆక్సీమీటర్ చూస్తూ కూర్చున్న పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లకి "గాడ్జెట్స్ తగ్గించండి" అన్న సలహా సరిపోదు.

అమ్మాయిల లెక్క వేరు

పన్నెండింటి దాకా పడుకునే సౌకర్యం చాలా ఇళ్లలో కొడుకులకే. అమ్మాయి డిగ్రీ చదువుతున్నా ఆరున్నరకి లేచి వాకిలి ఊడవాలి, అంట్లు తోమాలి, క్లాస్ మధ్యలో కూర తిప్పాలి. చదువుకోవడానికి ఆమెకూ దొరికేది రాత్రే. ఇక్కడ గడియారం పక్కకి జరగడం కాదు, నిద్రే కోతకు గురవుతుంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి 7 నుంచి 9 గంటలు కావాలని అమెరికా నేషనల్ స్లీప్ ఫౌండేషన్ చెబుతోంది. ఒంటిగంటకి పడుకుని ఆరున్నరకి లేస్తే ఐదున్నరే. ఈ అమ్మాయికి పొద్దుటి వెలుతురు గురించి చెప్పి లాభం లేదు. ఇంట్లో పని పంచుకునే మనిషి కావాలి.

గాడిలో పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది చేసే పొరపాటు ఒకటే. "ఈ రోజు నుంచి పదింటికే పడుకుంటా" అనుకుంటారు. పడుకుంటారు కూడా. నిద్ర రాదు. మూడు గంటలు దొర్లి, ఇది మన వల్ల కాదని వదిలేస్తారు. నిద్రని పిలిచి రప్పించలేం గానీ, అలారం పెట్టి లేవడం మన చేతిలో పని. కాబట్టి మొదలుపెట్టాల్సింది పొద్దుట నుంచి. ఇప్పుడు పదకొండుకి లేస్తుంటే రేపే ఆరింటికి లేవొద్దు. రెండు మూడు రోజులకోసారి అరగంట ముందుకి జరపండి. ఆదివారమైనా, క్లాస్ లేకపోయినా అదే టైమ్.

లేచిన గంటలోపు బయటికి రండి. గదిలో ట్యూబ్‌లైట్ వెలుగు కొన్ని వందల లక్స్ దాటదు. బయట నీడలో నిలబడినా పది వేల లక్స్ ఉంటుంది. కిటికీ దగ్గర కూర్చోవడానికి, బయట నిలబడటానికి తేడా అంత. 2021 ఆంక్షల్లోనూ రెండు రాష్ట్రాల్లో ఉదయం ఆరు నుంచే సడలింపు ఉండేది. పాల ప్యాకెట్ తెచ్చే పని మీరు తీసుకుంటే సరి. బయటికెళ్లడం భయమైనా డాబా ఉంది, గుమ్మం ఉంది. ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. ఊళ్లో ఉపాధి హామీ పనికి వెళ్తున్న డిగ్రీ కుర్రాళ్లని చూసి జాలి పడుతున్నారేమో, కనీసం ఒంట్లో గడియారం విషయంలో వాళ్లది మంచి స్థితే.

డాబా అంటే ఇంకొకటి గుర్తుచేయాలి. రోహిణి కార్తె లాంటి రోజుల సంగతి. ఒళ్లు కాస్త చల్లబడితేనే నిద్ర పడుతుంది. పగలంతా కాలిన స్లాబ్ అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంటే ఎలా పడుతుంది? రేకుల ఇళ్లలో అయితే చెప్పక్కర్లేదు. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, పక్కలు అక్కడ వేసుకునే పాత అలవాటులో రెండు లాభాలున్నాయి. రాత్రి చల్లగాలి, తెల్లవారగానే మొహం మీద వెలుతురు. దోమతెర మర్చిపోకండి.

మంచం మీద క్లాసు, మంచం మీద భోజనం, మంచం మీదే సినిమా.. ఇలా ఉంటే మంచం అంటే నిద్ర అన్న లంకె మెదడులో తెగిపోతుంది. వేరే గది లేకపోతే పర్వాలేదు. నేల మీద చాప వేసుకుని క్లాస్ వినండి, పడుకునేటప్పుడే మంచం ఎక్కండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే దొర్లకుండా లేచి, మసక వెలుతురులో ఏదో ఒక బోరింగ్ పని చేసి మళ్లీ రండి. నిద్రలేమికి డాక్టర్లు మందు లేకుండా చేసే చికిత్సలో ఇది ముఖ్యమైన భాగం. మధ్యాహ్నం కునుకు మూడింటిలోపు, అరగంటకు మించకుండా. టీ, కాఫీ సాయంత్రం నాలుగు తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

మెడికల్ షాపులో తెలిసినవాడిని అడిగి ఆల్‌ప్రజోలమ్ తెచ్చుకోవడం మాత్రం ప్రమాదం. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. అలవాటైపోతే మానడం నిద్రలేమి కంటే పెద్ద యుద్ధం.

పరీక్షల మాటేంటి?

అప్పట్లో ఎప్పుడు పెడతారో తెలిసేది కాదు, ఆన్‌లైనా ఆఫ్‌లైనా తెలిసేది కాదు. నోటిఫికేషన్ వచ్చాక గబగబా టైమ్ మార్చుకుందాంలే అనుకుంటే కుదరదు. తెల్లవారి నాలుగుకి పడుకునే మనిషికి ఉదయం పదింటి పేపర్ అంటే, మెదడు దృష్టిలో అది తెల్లవారుజామున రాసే పరీక్ష. చదివింది గుర్తుండటానికి కూడా నిద్రే కావాలి. అరగంట చొప్పున వెనక్కి రావాలంటే రెండు మూడు వారాలు పడుతుంది. అంటే మొదలుపెట్టాల్సింది ఇప్పుడే.

తల్లిదండ్రులకు ఒక మాట. మధ్యాహ్నం దాకా పడుకున్న పిల్లాడు బద్ధకస్తుడే అయ్యుండాలని లేదు. రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టిందో ఒకసారి అడగండి, తిట్టకుండా. వారానికి మూడు రాత్రుల చొప్పున నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి మీద ధ్యాస లేకపోయినా, ఫ్రెండ్స్ ఫోన్లు ఎత్తకపోయినా, "నేనుండి ఏం లాభం" లాంటి మాట వినబడినా టైమ్‌టేబుల్ మార్చి చూద్దాం అనుకోవద్దు. వెంటనే సైకియాట్రిస్ట్‌తో మాట్లాడించండి. ఆసుపత్రికి వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి కాల్ చేయొచ్చు. టోల్ ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. రాత్రి మూడింటికి చేసినా ఎత్తుతారు.