క్యాడ్ : కొలతల బంధుత్వం

హైటెక్ సిటీలో మెకానికల్ విద్యార్థికేమి పని అని కొందరు మిత్రులు ప్రశ్నిస్తుంటారు. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి హైదరాబాదులో స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, నేటి సయెంట్, ప్రాట్ అండ్ విట్నీ విమాన ఇంజన్ల భాగాల రూపకల్పనలో ఇక్కడి నుండే పాలుపంచుకొన్నది. అందుకు సాధనం క్యాడ్.

డ్రాయింగు బోర్డుపై ఒక కొలత మారితే మూడు దృశ్యాలనూ చెరిపి తిరిగి గీయవలసిందే. క్యాడ్‌లో కొలతలకు ముందే బంధుత్వం కలుపుతాము. షాఫ్టు వ్యాసాన్ని 40 మిల్లీమీటర్ల నుండి 50కి మార్చినచో, అది దూరవలసిన రంధ్రమూ తనంతట తానే పెరుగుతుంది. ఇంతవరకు ఆనందమే!

కాని తెరపై రెండూ సరిగ్గా 50. ఏ లేత్ మీదా సరిగ్గా 50 రాదు. రంధ్రం 50.000, 50.025 మధ్య ఉన్నప్పుడు, అందులో సులువుగా తిరుగవలసిన షాఫ్టు 49.975, 49.991 మధ్య ఉండాలి. ఇది లిమిట్స్, ఫిట్స్ పాఠం; అమీర్‌పేటలో కమాండ్లు నేర్చే తొందరలో మనవారు దానినే విస్మరిస్తున్నారు. ఆ అంకెలు చిత్రంపై లేకుంటే టర్నరు తనకు తోచినంత చెక్కుతాడు; షాఫ్టు రంధ్రంలో బిగుసుకొనిపోతుంది.